నిమిషానికి ఎన్ని ఊపిర్లు?

దగ్గుతున్న పసిబిడ్డ చొక్కా ఎత్తి డొక్కలు చూడడం మన పెద్దవాళ్లకు అలవాటు. "డొక్కలెగరేస్తున్నాడు" అన్నారంటే బండి కట్టవలసిందే. ఆ చూపును వైద్యశాస్త్రం ఒక కొలతగా మార్చుకున్న కథే నేటి ప్రసంగం.

ఎక్స్‌రే లేని ఊళ్లో జలుబేదో, న్యుమోనియా ఏదో తేల్చడమెలా? పాపువా న్యూగినీలో పనిచేసిన వైద్యుడు ఫ్రాంక్ షాన్ 1984లో మార్గం సూచించారు. ఊపిరి నిమిషానికి 50 దాటితే మందు, డొక్కలెగరేస్తే ఆస్పత్రి.

అయితే ఒకే గీత అన్ని వయసులకూ సరిపోతుందా? పైకి గీస్తే జబ్బు పిల్లలు తప్పిపోతారు. కిందికి గీస్తే జలుబు పిల్లలకూ అనవసరంగా మందు పడుతుంది. మన వేలూరు వైద్యులు దీన్ని పరీక్షించి, ఏడాది దాటిన పిల్లలకు 40 మేలని 1988లో ప్రకటించారు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది: రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40, అంతకు చేరితే వేగంగా ఊపిరి తీస్తున్నట్టే.

అదే 1988లో గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గ్రామ కార్యకర్తలకూ మంత్రసానులకూ ఈ పని నేర్పారు. అంకెలు రానివారి కోసం ఊపిరి లెక్కించే చిన్న పరికరం చేశారు. న్యుమోనియా మరణాలు తగ్గాయని 1990లో లోకానికి తెలిపారు. సిరొంచ వైపు తెలుగువారికి అది సొంత జిల్లాయే కదా!

1990 దశకం మధ్యలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి దగ్గు, విరేచనాలు, జ్వరం అన్నిటినీ ఒకే పట్టికలోకి తెచ్చాయి. గులాబి రంగు గడిలో పడితే వెంటనే ఆస్పత్రికి, పసుపైతే అక్కడే మందు, ఆకుపచ్చైతే ఇంటి సంరక్షణ. పుట్టిన మొదటి వారం బిడ్డలను మన దేశం తన పట్టికలో చేర్చుకుంది.

ఆస్పత్రికి చీటీ రాసినంత మాత్రాన బిడ్డ ఆస్పత్రి చేరదు. దారి, డబ్బు, తోడు కావాలి. డొక్కలెగరేస్తున్నా ఇతర ప్రమాద చిహ్నాలు లేకపోతే, ఆరోగ్య కార్యకర్త పరీక్షించి ఇంటివద్దే అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చని పరిశోధనలు తేల్చాక, 2014లో ఆ గీతా మారింది.

పట్టిక ఎంత మంచిదైనా మొదటి ప్రశ్నలు తల్లినే అడుగుతుంది. పాలు తాగుతోందా? తిన్నదంతా కక్కుతోందా? ఫిట్స్ వచ్చాయా? మత్తుగా పడి ఉందా? ఆ ప్రశ్న తమిళంలోనో, మరాఠీలోనో వచ్చి, తల్లికి తెలుగే వస్తే? మన రొప్పు, మన డొక్కలు అక్కడి నర్సమ్మకు తెలియాలి. ఆమె మాట మన ఆడపడుచులకు తెలియాలి. రెండు భాషలూ వచ్చిన మనం ఆ నాలుగు ప్రశ్నలను ఇంటింటా నేర్పుదాం.