ఏటిగట్టు కాపలా – నాడు, నేడు

ప్రత్యేక సంచికకు మన ఉద్యోగ జీవితాలతో ముడిపడిన చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది గోదావరి ఏటిగట్టు. నేను ఇంజనీరును కాను. నీటిపారుదల శాఖలో 1972లో గుమాస్తాగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఆ 36 సంవత్సరాలు మస్టరు రోళ్ళ మధ్య, ఎం-బుక్కుల మధ్య గడిపినవాడిని. కాబట్టి ఇందులో పాండిత్యం వెతకవద్దని మనవి.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిందనీ, ఆ పుణ్యం కాటన్ దొరదనీ మనకందరికీ తెలుసు. అయితే కట్టడం ఒక ఎత్తు, కట్టినదాన్ని కాపాడుకోవడం మరొక ఎత్తు. కాలువలకూ, చెరువు కట్టలకూ చిన్న చిన్న మరమ్మతులు ఊరివారే చేసుకునే ఆచారం అంతకు ఎంతో ముందు నుంచీ ఉంది. దానినే రికార్డులలో ‘కుడిమరామత్తు’ అన్నారు. ఆచారం సడలుతుందని భయపడి కాబోలు, 1858లో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. గట్టు తెగే ప్రమాదం వచ్చినప్పుడు అధికారి కబురు పంపితే, గ్రామాధికారి కాయకష్టం చేసుకునే వర్గాలలో ఒంట్లో సత్తువ ఉన్న మగవారిని గట్టు మీదకు పంపాలి. రాకపోతే శిక్ష. చట్టంలో కూలి మాట ఉంది గాని, రానని చెప్పే హక్కు లేదు. గట్టు తెగితే మునిగేది అందరి పొలాలూ. పిలుపు వెళ్ళేది మాత్రం పొలం లేనివాడికి. ఈ సంగతి మనం మరువకూడదు.

స్వాతంత్ర్యం వచ్చాక నిర్బంధం పోయి ‘శ్రమదానం’ అనే మాట వచ్చింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. భారత సేవక్ సమాజ్ పుట్టింది కూడా ఆ సంవత్సరమే. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం మొదలైంది. కుర్రవాళ్ళు పలుగూ పారా పట్టి ఊరి రోడ్లు వేయడం మా తరం కళ్ళారా చూసింది. ఫొటో కోసం పట్టినవారూ ఉన్నారు, చేతులు బొబ్బలెక్కినవారూ ఉన్నారు.

ఇక 1986 సంగతి. అంతకు రెండేళ్ళ ముందు, 1984లో, కరణం మునసబుల పదవులు రద్దయ్యాయి. 1985లో మండలాలు వచ్చాయి. కొత్త ఏర్పాట్లు ఇంకా కుదురుకోలేదు. గట్టు మీదకు మనుషులను పిలిపించడానికి నూరేళ్ళకు పైగా ఏ గ్రామాధికారి మీద ఆధారపడ్డామో ఆయనే ఇప్పుడు లేడు. సరిగ్గా అటువంటి సమయంలో, ఆగస్టు 16న, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం బ్యారేజి మీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్ళింది. మూడవ ప్రమాద హెచ్చరికకే 17 లక్షలు చాలునంటే ఇది ఎంతటి వరదో ఊహించుకోవచ్చు.

నన్ను స్టోర్సు లెక్కలు రాయమని ఒక గట్టు సెక్షనుకు పంపారు. ఖాళీ సంచులు, సరుగుడు బాదులు, తాటాకులు, కిరసనాయిలు – ఇవి నా లెక్కలు. మాకున్న లస్కర్లు పట్టుమని పదిమంది లేరు. చీకటిపడే వేళకు ఎవరూ పిలవకుండానే గట్టు దిగువనున్న పేట కుర్రవాళ్ళు, ఊళ్ళోని కాలేజీ పిల్లలు, సుమారు నలభైమంది, లాంతర్లు పట్టుకుని వచ్చారు. “ఏం చెయ్యమంటారండీ?” అన్నారు. మా ముసలి లస్కరు వారిని ఇద్దరిద్దరుగా విడగొట్టి, ఊరి వైపు గట్టు అడుగున నడవమన్నాడు. “ఊట తేటగా ఉంటే వదిలెయ్యండిరా. బురదగా వస్తే కేకెయ్యండి” అన్నాడు.

రాత్రి రెండు గంటలకు కేక వినిపించింది. బురద నీరు వస్తున్నదంటే గట్టు కడుపులోని మట్టి కొట్టుకుపోతున్నదన్న మాట. ఊటను నొక్కి మూయకూడదు, మూస్తే మరోచోట పొడుచుకుని వస్తుంది. దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒర మాదిరిగా కట్టి లోపల నీటిని నిలవనివ్వాలి. నీటి ఎత్తు పెరిగేకొద్దీ ఊట జోరు తగ్గుతుంది. తెల్లవారేదాకా ఆ కుర్రవాళ్ళు బస్తాలు మోశారు. ఆ వరదకు గోదావరి గట్లు ఎన్నో చోట్ల తెగాయి. మా సెక్షను తెగలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. వరద తీశాక సహాయం పంచడానికి జాబితాలు రాశారు. పునరావాస శిబిరంలో తలలు లెక్కపెట్టి పేర్లు రాసుకున్నారు. గట్టు మీద ఉన్న పేట కుర్రవాళ్ళు ఆ లెక్కకు అందలేదు. వారి పాకలలోకీ నీళ్ళు వచ్చాయి. ఇద్దరు ముగ్గురు నా దగ్గరకు వచ్చి, “మేం ఆ రాత్రి గట్టు మీదే ఉన్నామని ఓ కాగితం రాసివ్వండి బాబూ” అని అడిగారు. నేను, “అది మా శాఖ పని కాదయ్యా” అన్నాను. మస్టరు రోలులో కూలి తీసుకున్నవారి పేర్లే ఉంటాయి. ఉత్తినే పని చేసినవారికి కాలం లేదు. నివేదికలో ఎన్ని బస్తాలు వాడామో ఒక్కటి కూడా తేడా రాకుండా రాశాను. వాటిని మోసిన చేతుల గురించి ఒక్క వాక్యం రాయలేదు. రాయవద్దని నన్నెవరూ ఆపలేదు. ఒక తెల్లకాగితం, నా సంతకం – అంతే కావలసింది. ఈనాటికీ అది నా మనసులో ముల్లులా ఉంది.

ఆ తరువాత మార్పులు చాలా వచ్చాయి. 1997 జనవరిలో జన్మభూమి ప్రారంభమైంది. ఆ ఏడే రైతుల నీటి యాజమాన్య చట్టం వచ్చి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. అడవుల విషయంలో 1992 నుంచే వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. ఊరివారిని కలుపుకోనిదే నదిని గాని, అడవిని గాని కాపాడలేమని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్నదన్న మాట. మంచిదే. అయితే సంఘాలలో ఓటు భూమి ఉన్నవాడి చుట్టూ తిరిగింది, గట్టు కాచే పేట కుర్రవాడికి అక్కడ కుర్చీ సులువుగా దొరకలేదు.

2022 జూలైలో భద్రాచలం వద్ద నీరు మళ్ళీ 71.3 అడుగులకు వచ్చింది. ఇంట్లోవాళ్ళు వద్దంటున్నా కర్ర పట్టుకుని గట్టు మీదకు వెళ్ళాను. ఊళ్ళో కుర్రవాళ్ళు సగంమంది హైదరాబాదులో, గల్ఫులో ఉన్నారు. ఉన్నవారిలో కొందరు ఫోన్లలో వరదను చిత్రీకరిస్తున్నారు. ఈ కాలం పిల్లలింతే అనుకోబోయాను. ఇంతలో సేవా పథకం బ్యాడ్జీలు పెట్టుకున్న నలుగురు విద్యార్థులు వచ్చి, “తాతగారూ, గట్టు మీద ఏం చూడాలండీ?” అని అడిగారు. వారికి ఊట సంగతి, ఎలుక బొరియల సంగతి, బస్తాల ఒర సంగతి చెప్పాను. ఒకడు నేను చెప్పినదంతా ఫోనులో రాసుకున్నాడు. పిల్లలలో ఉత్సాహం తగ్గలేదు. ఏం చేయాలో చెప్పే ముసలి లస్కర్లే లేకుండా పోయారు.

కనుక మిత్రులకు నా మనవి రెండు. ఒకటి, ప్రతి ఏటా జూన్‌లో, వరదల రోజులకు ముందే, నడవగలిగిన మనవాళ్ళం దగ్గరలోని కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని ఒక పూట గట్టు మీద నడుద్దాం. బలహీనంగా ఉన్న చోట్లు వారికి చూపిద్దాం. రెండు, పని చేసినవారి పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసి పెడదాం. మనం గుమాస్తాలం, పేర్లు రాయడం మన విద్య. 1986లో నేను రాయనిది ఇప్పుడు మీరంతా కలిసి రాస్తారని ఆశిస్తూ, సెలవు.