పట్టాల మీది బడి

ఒంటారియోలోని క్లింటన్ పట్టణంలో ఒక పాత రైలు పెట్టె ఉన్నది. దాని నంబరు 15089. ఉత్తరపు అడవులలో, బడులు లేని చోట్ల, రైలు కార్మికుల పిల్లల కోసం 1926లో రైలు బడులు మొదలైనవి. పెట్టెలో కొంత భాగం తరగతి గది, మిగిలినది ఉపాధ్యాయుని ఇల్లు. ఫ్రెడ్ స్లోమన్ గారు భార్యాబిడ్డలతో అందులోనే కాపురముండి, సుమారు 39 ఏండ్లు చదువు చెప్పారు. పెట్టె ఒక్కొక్క చోట కొద్ది రోజులే ఆగేది. వెళ్ళేటప్పుడు, మళ్ళీ వచ్చేదాకా సరిపడే ఇంటిపని ఇచ్చేవారు. రాత్రిపూట పెద్దలకూ ఇంగ్లీషు నేర్పేవారు.

1967 నాటికి ఈ బడులు ముగిసినవి. 1982లో ఈ పెట్టె మిస్సిసాగా రైల్వే యార్డులో పాడుబడి కనిపించగా, క్లింటన్ వారు కొని తెచ్చుకొని బాగుచేశారు. అది మ్యూజియం అయినది.

సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చిన మూడవ తరం వారము మేము, బడిపంతుళ్ళము కూడా. మాకు తోచినదొక్కటే. పుచ్చిన కొయ్యను తీసి కొత్త కొయ్య వేయవచ్చు. ఇంట్లో ఆగిపోయిన భాషను అలా అతికించలేము. ఆ రైలు బడి నిలిచినది, అది వెళ్ళిపోయిన తరువాత ఇండ్లలో సాగిన చదువు వల్లనే. మన తెలుగు తరగతి వారానికొక్క సాయంకాలమే. మిగిలిన ఆరు రోజులూ ఇంటివే.