చివరి రౌండ్ కుర్రాడు

మార్చి వచ్చిందంటే నేనుండే న్యూజెర్సీలో ఫాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్టుల హడావుడి మొదలవుతుంది. డ్రీమ్11 తెలిసినవాళ్లకు ఊహల జట్టు కట్టడం కొత్త కాదు. కాకపోతే అక్కడ కోహ్లీని ఎన్ని లక్షలమందైనా ఎంచుకోవచ్చు. ఇక్కడ లీగ్‌లో ఉన్న పదిపన్నెండు మందిలో ఒక ఆటగాడు ఒక్కరికే దక్కుతాడు. వంతులవారీగా ఎంచుకుంటూ పోతే ఇరవయ్యో రౌండ్‌కల్లా పేరున్నవాళ్లంతా అయిపోతారు. మిగిలినవాళ్లలో ఎవరి కంటా పడని కుర్ర పిచర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ని, పసిగట్టాలి. అలాంటివాణ్ని స్లీపర్ అంటారు.

మామూలు మనిషి ఇంట్లో కూర్చుని ఇలా ఆటగాడి విలువ కట్టడం వెనక చాలా చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో పుట్టి న్యూయార్క్ ప్రాంతంలో విలేఖరిగా స్థిరపడ్డ హెన్రీ చాడ్విక్ 19వ శతాబ్దంలోనే బాక్స్ స్కోర్‌కి, అంటే ఒక్కో ఆటలో ఎవరేం చేశారో చూపే అంకెల పట్టికకి, రూపమిచ్చాడు. మైదానం మొహం చూడని రైతు కూడా పేపర్లో అంకెలు చూసి వాదనకు దిగే వీలు అలా వచ్చింది. 1977లో బిల్ జేమ్స్ కాన్సస్‌లో ఓ ఆహార ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ ఆ అంకెల మీద సొంతంగా పుస్తకం అచ్చేసుకున్నాడు. 1980లో రచయిత డేనియల్ ఓక్రెంట్, అతని మిత్రులు న్యూయార్క్‌లో రోటిసరీ లీగ్ మొదలుపెట్టారు. నేటి ఫాంటసీ ఆట అక్కణ్నుంచే పాకింది. 2001లో బేస్‌బాల్ అంకెల పరిశోధకుడు వోరోస్ మెక్‌క్రాకెన్ చెప్పిన మాట ఇంకా పెద్దది. బ్యాట్‌కి తగిలి మైదానంలో పడ్డ బంతి హిట్ కావడం, ఔట్ కావడం పిచర్ చేతిలో చాలా తక్కువట. అతని సొంత పని స్ట్రైకౌట్లలో (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని ఔట్ చేయడం), వాక్‌లలో, ఇచ్చుకున్న హోమ్‌రన్లలో తెలుస్తుంది.

అందుకే కుర్ర పిచర్‌ని తూచేటప్పుడు గెలుపుల అంకె జోలికి నేను పోను. ఎదుర్కొన్న బ్యాటర్లలో ఎందరిని స్ట్రైకౌట్ చేశాడు, ఎందరికి వాక్ ఇచ్చి ఊరికే బేస్ మీదికి పంపాడు, రెంటికీ తేడా ఎంత? ఆ తర్వాత, ఆ అంకెలు ఏ ఊళ్లో వచ్చాయి?

జేకబ్ డిగ్రామ్‌నే చూడండి. కాలేజీలో ఎక్కువగా షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్. 2010 మేజర్ లీగ్ డ్రాఫ్టులో న్యూయార్క్ మెట్స్ జట్టు అతన్ని పిచర్‌గా తొమ్మిదో రౌండ్లో, 272వ వాడిగా తీసుకుంది. ఆ ఏడే మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ అయింది. తర్వాత లాస్ వేగస్‌లో మైనర్ లీగ్ ఆడాడు. అక్కడి వేడి, పలుచని గాలిలో బంతి దూరం పోతుంది, పిచర్ లెక్కలు పాడవుతాయి. 2014 మేలో మెట్స్‌లోకి వచ్చినప్పుడు అందరి చూపూ ముందురోజు అడుగుపెట్టిన మరో కుర్ర పిచర్ రఫాయెల్ మొంటెరో మీదే. సీజన్ ముగిసేసరికి డిగ్రామ్ 140 ఇన్నింగ్స్‌లో 144 స్ట్రైకౌట్లు చేసి, ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అందుకున్నాడు. 2018లో అతని ఈఆర్ఏ, అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేసి తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చుకున్న పరుగుల సగటు, 1.70. జట్టు బ్యాటింగ్ అండ లేక గెలుపులు పదే. అయినా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే వచ్చింది. గెలుపుల్ని బట్టి ఓటేసే పాత పద్ధతి అప్పటికి మారిపోయింది.

కానీ ఈ లెక్కలపుస్తకంలో నన్ను బాధపెట్టే పేజీలున్నాయి. 20వ శతాబ్దంలో, 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా, మేజర్ లీగ్స్‌లో నల్లజాతివారికి చోటు లేదు. ఎందరో గొప్ప పిచర్‌గా ఎంచే సాచెల్ పేజ్ 1920లలోనే నల్లజాతివారి కోసం వేరుగా నడిచిన నీగ్రో లీగ్స్‌లో బంతి పట్టాడు. క్లీవ్‌లాండ్ జట్టు 1948లో పిలిచేసరికి అతనికి 42 ఏళ్లు. ఆరు గెలిచి ఒక్కటే ఓడాడు. ఆ ఏడు వరల్డ్ సిరీస్ క్లీవ్‌లాండ్‌దే. అతని పడుచు వయసు అంకెల్ని పరిశోధకులు పాత పత్రికల్లోంచి, ముఖ్యంగా నల్లజాతి వారపత్రికల బాక్స్ స్కోర్లలోంచి, ఏళ్ల తరబడి ఏరారు. మేజర్ లీగ్ బేస్‌బాల్ వాటిని తన అధికారిక రికార్డుల్లో కలిపింది 2024లో. అప్పటికి పేజ్ పోయి 42 ఏళ్లయింది.