కంచె చేను మేసినపుడు

కాలికి దెబ్బ తగిలి చీము పట్టినపుడు గజ్జలలో బిళ్ళ కట్టుట మనమందరము ఎరిగినదే. అచ్చటి లింఫు గ్రంథులలో తెల్లకణములు క్రిములతో పోరునకు సిద్ధమగుచున్నవనుటకు అది గుర్తు. మనలను కాచు ఈ కణములే ఒక్కొక్కప్పుడు రాచపుండుగా మారును. కంచెయే చేను మేయు ఈ వింతకు కారణము తెలియుటకు దాదాపు అరువది సంవత్సరములు పట్టినది.

1957లో ఉగాండా దేశమున, కంపాలా నగరమందలి ములాగో ఆసుపత్రిలో, డెనిస్ బర్కిట్ అను ఐర్లండు శస్త్రవైద్యుడు ఒక అయిదేండ్ల బాలుని చూచెను. ఆ పసివాని దవడలు రెండును ఇరువైపుల వాచి యుండెను. కొలదికాలములోనే అట్టి బిడ్డ మరియొకరు ఆయన కంటబడిరి. ఆయన పాత రికార్డులను వెదకి, 1958లో ఈ వ్యాధిని లోకమునకు తెలిపెను. 1961లో ఇద్దరు వైద్యమిత్రులతో పాత మోటారుబండిలో పదివేల మైళ్ళు తిరిగి విచారించెను. వేడిమియు వానలును గల పల్లపు సీమలందే ఈ కంతులు కానవచ్చెను. చల్లని మెట్టలపై లేవు. మలేరియా ప్రబలు సీమలును అవియే.

మెథోట్రెక్సేటు అను మందు నీయగా కొందరు పిల్లల కంతులు కరగిపోయెను. కణముల వృద్ధికి వలయు ఒక ఎంజైమును అడ్డగించు ఈ మందు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడపిన అమెరికా పరిశోధనశాలలో రూపొందినదని తెలిసికొనుట మనకు సంతోషము.

1964లో లండనున ఎప్‌స్టీన్ బృందము ఈ కంతులలో ఒక క్రొత్త వైరసును చూచెను. కాని ఆ వైరసు లోకములో అత్యధికులకు సోకునదే. అందరికిని ఈ వ్యాధి రాదు. తరువాత, ఈ కణములలో ఎనిమిదవ క్రోమోజోము తునక పదునాలుగవ దానికి అతుకుకొని యుండుట కనబడెను. కణవిభజనను పురికొల్పు ‘మిక్’ అను జన్యువు ఆ విధముగా ప్రతిరక్షకముల జన్యువు చెంత చేరినదని 1982లో తేలినది. ఎడతెగక పనిచేయు జన్యువు పొరుగున చేరిన మిక్ కూడ విరామ మెరుగదయ్యెను. మరి క్రోమోజోములను త్రుంచినదేది?

1999లో జపానునందలి క్యోటో విశ్వవిద్యాలయమున తసుకు హోంజో బృందము తెల్లకణములలో ఎ.ఐ.డి. అను ఎంజైమును కనుగొనెను. క్రొత్త క్రిమి దాడి చేసినపుడు ఈ ఎంజైము ప్రతిరక్షకముల జన్యువులో చిన్న చిన్న మార్పులు కలిగించును. ఒక్కొక్కచోట ఆ జన్యువు తెగును. తాళమునకు సరిపడువరకు చెవిని ఆకురాయితో రాచుట వంటిది ఈ పని. ఇది లోపించి పుట్టినవారు మాటిమాటికి అంటురోగముల పాలగుదురని 2000లో తెలిసినది. కావున ఇది లేక మనకు గడువదు. కాని ఆకురాయి జారినచో ప్రక్క వస్తువును కోయును. మిక్ జన్యువు తెగుటకును ఈ ఎంజైమే కారణమని 2008లో ఎలుకలయందు నిరూపింపబడెను.

మలేరియా పాత్ర ఏమి? 2015లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలకు మలేరియా సోకించి చూచిరి. దీర్ఘకాలము నిలిచిన ఆ రోగమువలన తెల్లకణములు విశ్రాంతి లేక పెరుగుచు, ఎంజైము చిరకాలము పనిచేయుచు, క్రోమోజోములు తెగుట హెచ్చెను. కొన్నిటికి క్యాన్సరు కలిగెను. బర్కిట్ తిరిగిన పదివేల మైళ్ళకు అర్థము అప్పుడు తెలిసినది.

నేడు సంపన్నదేశములలో ఈ వ్యాధిగల పిల్లలలో అత్యధికులు స్వస్థులగుచున్నారు; ఆఫ్రికా పల్లెలలో అంతమందికి ఆ భాగ్యము లేదు. ఎంజైమును మనము విడనాడజాలము; దానికి అలుపులేని పని కల్పించు రోగమును మాత్రము అరికట్టగలము. బిడ్డ మంచముపై దోమతెర కట్టు తల్లి ఒక్క జ్వరమునే కాక, మరొక గొప్ప ఆపదను కూడ దూరముగా నుంచుచున్నది.