మొబైల్ యాప్ రక్షణ: ఒక అసంపూర్ణ కవచం చరిత్ర

రాసినవారి యంత్రంలో కాక వాడుకునేవారి యంత్రంలో నడవవలసి రావడమే మొబైల్ యాప్‌ల భద్రతా లోపాలలో చాలావాటికి మూలం. సర్వర్‌లో ఉన్న ప్రోగ్రాం దాని యజమాని అధీనంలోనే ఉంటుంది. ఫోన్‌లోకి దిగిన యాప్ మాత్రం, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వారి పరిశీలనకూ వారు చేసే మార్పులకూ లోబడక తప్పదు. యాప్ కోడ్‌ను విప్పి దాని పనితీరును తెలుసుకోవడాన్ని రివర్స్ ఇంజనీరింగ్ అనీ, ఆ కోడ్‌ను అనుమతి లేకుండా మార్చడాన్ని ట్యాంపరింగ్ అనీ అంటారు. ఈ రెండింటినీ నిరోధించే ప్రయత్నాలు స్మార్ట్‌ఫోన్ కంటె పాతవి.

వ్యక్తిగత కంప్యూటర్ల తొలి రోజుల్లోనే, ఫ్లాపీలలో అమ్మిన ప్రోగ్రాంలు నకలుకు లొంగకుండా తయారీదారులు రకరకాల తాళాలు వేయగా, వాటిని తీసేవారు వెంటనే బయలుదేరారు. 1990ల మధ్యలో జావా భాష రావడంతో సమస్య మరింత తీవ్రమైంది. జావా ప్రోగ్రాం నేరుగా యంత్రభాషలోకి కాక, బైట్‌కోడ్ అనే మధ్యస్థ రూపంలోకి మారుతుంది. ఆ రూపంలో తరగతుల పేర్లూ నిర్మాణమూ చాలావరకు మిగిలే ఉంటాయి కనుక, మూలకోడ్‌ను తిరిగి రాబట్టడం సులభం. హాన్‌పీటర్ వాన్ వ్లీట్ 1996లో విడుదల చేసిన మోకా అనే సాధనం ఈ పనిని చేసి చూపింది. ఆ పనికి అడ్డుపడేందుకు, పేర్లను అర్థరహితమైన అక్షరాలుగా మార్చే క్రెమా అనే సాధనాన్ని రూపొందించిందీ ఆయనే. కోడ్ చేసే పని మారకుండా, చదివేవారికి మాత్రం అర్థం కాకుండా చేసే ఈ పద్ధతికి ఆబ్ఫస్కేషన్ అని పేరు.

ఈ రంగానికి శాస్త్రీయ పునాదులు పడింది కూడా ఆ కాలంలోనే. ప్రోగ్రాం నడుస్తుండగానే తన కోడ్ మారిందో లేదో తానే సరిచూసుకునే విధానాన్ని ఇంటెల్‌కు చెందిన డేవిడ్ ఆక్‌స్మిత్ 1996లో వివరించగా, ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో కోల్‌బర్గ్, థాంబర్సన్, లో అనే పరిశోధకులు 1997లో ఆబ్ఫస్కేషన్ పద్ధతులను వర్గీకరించి, వాటి బలాన్ని కొలిచే ప్రమాణాలను ప్రతిపాదించారు. అయితే ఏ ప్రోగ్రాంనైనా, దాని ఫలితాలు తప్ప మరేమీ తెలియనంత సంపూర్ణంగా మరుగుపరచగల సార్వత్రిక పద్ధతి ఉండడం అసాధ్యమని 2001లో బోజ్ బరాక్, సహ పరిశోధకులు గణితపరంగా నిరూపించారు. ఆచరణలో ఉపయోగపడే రక్షణలను ఈ ఫలితం తోసిపుచ్చదు. కానీ అన్ని ప్రోగ్రాంలకూ పనికివచ్చే పరిపూర్ణ కవచం కోసం వెతకడం వ్యర్థమని తేల్చింది.

2008లో ఆపిల్ యాప్ స్టోర్, ఆండ్రాయిడ్ మార్కెట్ ప్రారంభం కావడంతో ఈ పాత సమస్య కోట్లమంది జేబుల్లోకి చేరింది. ఆపిల్ తన సంతకం లేని యాప్‌ను నడవనీయలేదు. ఆ అడ్డును తొలగించడమే జైల్‌బ్రేక్. ఆండ్రాయిడ్ యాప్‌ను మోసే ఏపీకే ఫైల్ నిజానికి ఒక జిప్ పెట్టె. అందులోని కోడ్‌ను విప్పి, చదివి, మార్చి, తిరిగి కట్టే ఉచిత సాధనాలు త్వరలోనే అందుబాటులోకి వచ్చాయి. డబ్బు చెల్లించినవారే యాప్‌ను వాడేలా 2010 జూలైలో గూగుల్ ప్రవేశపెట్టిన లైసెన్స్ తనిఖీ వ్యవస్థ మరుసటి నెలలోనే ఓడిపోయింది. సర్వర్ ఇచ్చిన జవాబు సరైనదే అయినా, దానిని బట్టి అవునో కాదో నిర్ణయించే కోడ్ ఫోన్‌లోనే ఉండటంతో, ఆ నిర్ణయాన్ని తలకిందులు చేస్తే సరిపోయింది.

యాప్‌ను తిరిగి కట్టగలగడం వల్ల కలిగిన హాని చౌర్యంతో ఆగలేదు. 2011 మార్చిలో బయటపడిన డ్రాయిడ్‌డ్రీమ్ ఉదంతంలో, మంచి యాప్‌లలో దుష్ట కోడ్‌ను చేర్చి మళ్లీ ఆండ్రాయిడ్ మార్కెట్‌లోనే పెట్టినట్లు తేలింది. యాజిన్ జౌ, షుషియాన్ జియాంగ్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించిన 1,260 దుష్ట ఆండ్రాయిడ్ నమూనాలలో 1,083, అంటే సుమారు 86 శాతం, ఇలా తిరిగి కట్టినవే.

ఇటువంటి మార్పును పసిగట్టడానికి ఆండ్రాయిడ్ ఆధారపడింది డిజిటల్ సంతకం మీద. యాప్ ఎవరిదో, సంతకం తరువాత మారిందో లేదో తెలిపే గణిత ముద్ర ఇది. అయితే 2013లో వెల్లడైన మాస్టర్ కీ లోపంలో, పెట్టెలో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉంటే వ్యవస్థ ఒకదాని సంతకాన్ని తనిఖీ చేసి రెండోదాన్ని నడిపేది. 2017 డిసెంబరులో వెల్లడైన జానస్ లోపంలో, ఏపీకే ఫైలుకు ముందు వేరే కోడ్‌ను చేర్చినా పాత సంతకం చెల్లుబాటయ్యేది. పాత పద్ధతి పెట్టెలోని ఫైళ్లను విడివిడిగా తనిఖీ చేయడమే దీనికి కారణం. ఫైలు మొత్తాన్ని ఒకే సంతకం కిందికి తెచ్చే రెండో పద్ధతి 2016లో ఆండ్రాయిడ్ 7.0తో వచ్చినప్పటికీ, పాత ఫోన్లలో లోపం మిగిలిపోయింది.

యాప్‌ను ముట్టకుండానే, అది నడుస్తుండగా ఫోన్ మెమరీలో దాని ప్రవర్తనను మార్చే ఫ్రిడా వంటి సాధనాలు తరువాతి మలుపు. ఫోన్‌పై సర్వాధికారం సంపాదించడాన్ని రూటింగ్ అంటారు. రూట్ అయిన ఫోన్‌ను గుర్తించేందుకు గూగుల్ సేఫ్టీనెట్‌ను తెస్తే, ఆ గుర్తింపునకు చిక్కకుండా రూట్‌ను దాచే మ్యాజిస్క్ 2016లో వచ్చింది. అందుకే నమ్మకాన్ని ఫోన్‌లోని ప్రత్యేక హార్డ్‌వేర్‌కు ముడిపెట్టే దిశగా కొత్త వ్యవస్థలు సాగుతున్నాయి.

భారతదేశంలో 2016లో యూపీఐ రావడంతో ఈ చరిత్ర సామాన్యుని పొదుపుతో ముడిపడింది. రిజర్వ్ బ్యాంక్ 2021 ఫిబ్రవరిలో జారీచేసిన డిజిటల్ చెల్లింపుల భద్రతా ఆదేశాలు మొబైల్ యాప్‌లకు ఆబ్ఫస్కేషన్‌నూ, దూరం నుంచి ఫోన్‌ను నడిపే యాప్‌లను గుర్తించే శక్తినీ కోరాయి. అంతకంటె ముఖ్యమైన రక్షణ యూపీఐ నిర్మాణంలోనే ఉంది: వాడుకదారు నొక్కిన పిన్ సరైనదా కాదా అని తేల్చేది యాప్ కాదు, ఖాతా ఉన్న బ్యాంకు. హైదరాబాద్‌లోనూ ఇతర నగరాలలోనూ చెల్లింపు జరిగినట్లు బూటకపు తెర చూపి దుకాణదారులను మోసగించిన నకిలీ యాప్‌లు ఈ సూత్రాన్నే మరో వైపు నుంచి రుజువు చేశాయి. ఆ మోసానికి లోనైనవారు తమ ఖాతాకు వచ్చిన సమాచారాన్ని కాక, ఎదుటివారి ఫోన్ తెరను నమ్మారు.

కోడ్‌ను మరుగుపరచడం, సంతకం చేయడం, తనిఖీలు పెట్టడం అవసరమే. అవి దాడి ఖర్చును పెంచి, కాలాన్ని సంపాదించి పెడతాయి. కానీ రహస్య తాళపు చెవిని గానీ తుది నిర్ణయాన్ని గానీ వాడుకదారు ఫోన్‌లో వదిలిన ఏ యాప్‌నూ అవి చిరకాలం కాపాడలేవు. యాప్‌లు నిర్మించే ఇంజనీర్లూ, వాటిని ఆమోదించే సంస్థలూ విలువైన ప్రతి నిర్ణయాన్నీ సర్వర్‌లోనే ఉంచడాన్ని మొదటి నియమంగా పాటించాలి.