బూరల తుపాకి, బీరువాలో రివాల్వరు

అంతర్వేది తీర్థానికి వెళ్ళి బూరల తుపాకి పట్టుకోకుండా ఇంటికి తిరిగివచ్చిన పిల్లవాడు మా రాజోలు తాలూకాలో ఉండడనుకుంటాను. భీష్మ ఏకాదశినాడు రథం కదిలేదాకా పెద్దలకు భక్తి. పిల్లలకు మాత్రం జీళ్ళ కొట్టుకూ రంగులరాట్నానికీ నడుమ, ఒక అట్ట మీద వరుసగా కట్టిన రంగురంగుల బూరలే తీర్థం. కొట్టువాడు తుపాకిని నడుముకి విరిచి, సీసపు గుళిక పెట్టి, మళ్ళీ నిటారు చేసి మన చేతికిస్తాడు. పేలిన బూరకన్నా పేలని బూర ఎక్కువకాలం గుర్తుంటుంది. నాకిప్పటికీ ఒక పసుపుపచ్చ బూర గుర్తున్నది.

ఆ రోజుల్లో నాకొక సందేహం ఉండేది. సినిమాలో కథానాయకుడి చేతిలో ఎప్పుడూ పిస్తోలే ఉంటుంది. మరి తీర్థంలో మాత్రం ఎప్పుడూ పొడుగు తుపాకే ఎందుకు? పెద్దయ్యాక ఆ సందేహం ఇంకొంచెం పెరిగింది. లోకంలో ఇన్నివందల రకాల చేతి తుపాకులుండగా, సరదాకో పందెానికో గురి చూసి కాల్చేవారి నడుమ ఏ కొన్నింటికో మాత్రమే ఎందుకు అంత ఆదరణ? మేలైనదానికే పేరు వస్తుందని మొదట అనుకున్నాను. చరిత్ర చదివినకొద్దీ ఆ నమ్మకం సడలింది. పేరు తెచ్చేది తుపాకి పనితనం ఒక్కటే కాదు. చట్టం ఏ తూటాను మన చేతికి రానిస్తుంది, ఆ తూటా ఎంతకు దొరుకుతుంది, పోటీ నిబంధన ఏమంటుంది అనే మూడు ప్రశ్నలే అసలైన తీర్పరులు. ఇందుకు మన దేశమే చక్కని ఉదాహరణ.

ముందుగా తీర్థం సంగతి ముగిస్తాను. పొడుగు తుపాకికి గొట్టమే మీటగా పనిచేస్తుంది. దాన్ని విరిస్తే లోపలి స్ప్రింగు సులువుగా నొక్కుకుంటుంది. పిస్తోలుకి అంత పొడుగు లేదు కనుక అదే పనికి చాలా బలం కావాలి. పైగా పొడుగు తుపాకి భుజానికి ఆనుతుంది, దాని మూతి అట్టవైపే ఉంటుంది. పిస్తోలైతే మణికట్టు కొద్దిగా తిరిగినా చాలు, మూతి పక్కవాడి మీదికి పోతుంది. కాల్చడమూ కష్టమే: ముందు గురికీ వెనుక గురికీ నడుమ జానెడు దూరమే ఉండటంవల్ల చేతిలోని చిన్న వణుకు లక్ష్యం దగ్గర పెద్ద తప్పవుతుంది. విచిత్రమేమంటే, క్రీడగా కాల్చేవారు చేతి తుపాకిని ఇష్టపడటానికి ఆ కష్టమే ఒక కారణం.

ఇక చట్టం. 1857 తిరుగుబాటు తరువాత తెల్లదొరలకు పట్టుకున్న భయం 1878లో లిట్టన్ దొర ఆయుధ చట్టంగా రూపుకట్టింది. భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి; ఐరోపావారికి మినహాయింపు. ఆ అవమానం ఎంత లోతుగా నాటుకున్నదంటే, 1930 జనవరిలో గాంధీగారు ప్రభుత్వం ముందుంచిన పదకొండు కోరికలలో ఆత్మరక్షణకు ఆయుధాల లైసెన్సులివ్వాలన్నది కూడా ఒకటి. అహింసను బోధించిన మనిషి ఆ మాట అడగడం వింతగా తోచవచ్చు. ఆయన అడిగింది తుపాకిని కాదు, నమ్మకాన్ని.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధ చట్టం చేసుకున్నాము. 1962లో అది అమలుకు వచ్చింది. మినహాయింపుల వివక్ష పోయింది గాని, లైసెన్సు ఉండిపోయింది. దానితోపాటు తెల్లవారి కాలపు మరొక సూత్రమూ నిలిచిపోయింది: సైన్యమూ పోలీసులూ వాడే కొలత తూటాలు సామాన్యుడి తుపాకిలో పట్టకూడదు. ఠాణానుండో శిబిరంనుండో తూటాలు దొంగిలించినా అవి బయట పనికిరాకూడదన్నది దాని అంతరార్థం. ఆ లెక్కన .455, .38, 9 మి.మీ. చేతి తుపాకులన్నీ సామాన్యులకు నిషిద్ధమైనాయి. లోకమంతా మెచ్చిన పిస్తోళ్ళు చాలామటుకు ఆ గీతకు అవతలే మిగిలాయి.

గీతకు ఇవతల మిగిలినవాటిలో ముఖ్యమైనది .32. ఇందులోనూ రెండు రకాలున్నాయి. రివాల్వరులో వాడే .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ 1896 నాటిది. పిస్తోలులో వాడే .32 బ్రౌనింగు 1899 నాటిది. రెండూ ఇంగ్లండు రాణి విక్టోరియా బ్రతికి ఉండగా పుట్టినవే. ఇతర దేశాలలో ఆత్మరక్షణకు వీటిని ఏనాడో పక్కనపెట్టారు. మన దేశంలో మాత్రం కాన్పూరు ఆయుధ కర్మాగారం రివాల్వరు చేసినా దానికే, 2014లో ఆడవారికోసమని నిర్భీక్ అనే తేలికపాటి రివాల్వరును లక్షా ఇరవై వేల పైచిలుకు ధరతో తెచ్చినా దానికే. 1980ల నడుమనుండి సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో, అంతకుముందే దేశంలోకి వచ్చిన వెబ్లీ అండ్ స్కాట్ .32 రివాల్వర్లు పురాతన నగలలాగా విలువ పెంచుకుంటూ పోయాయి.

మా వైపు ఒక పెద్దాయన దగ్గర అటువంటిది ఒకటుండేది. ఏటా దసరానాడు బీరువాలోంచి తీసి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ బీరువాలోనే పెట్టేవారు. ఎన్నికలు వస్తే లైసెన్సు పుస్తకంతో సహా ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. ఒకసారి చనువుకొద్దీ, "ఎప్పుడైనా కాల్చారా తాతగారూ?" అని అడిగాను. "కాలిస్తే తూటాకి లెక్క చెప్పాలిరా అబ్బాయ్, ఉంచుకుంటే ఎవరికీ చెప్పక్కరలేదు" అన్నారు. లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో వ్రాసి ఉంటుంది. ఆ లెక్కలో సాధన అనే మాటకు చోటు లేదు. కాబట్టి .32 మన దేశంలో అందరూ కోరుకునే చేతి తుపాకి అయింది గాని, అందరూ కాల్చే తుపాకి కాలేదు. ఆయుధాన్ని అందకుండా చేయబూనిన చట్టం దాన్ని దర్జాకు గుర్తుగా మార్చింది.

ఇందులో ఒక చమత్కారమున్నది. ఇంత చిన్నబోయిన ఆ .32 లాంగ్ తూటాయే ప్రపంచస్థాయి పందేలలో మహారాజు. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో మెత్తగా పేలి, చేతిని పెద్దగా తన్నకుండా, అట్టకు గుండ్రంగా రంధ్రం చేస్తుందని మేటి క్రీడాకారులు దానినే ఎంచుకున్నారు. జస్‌పాల్ రాణా 1994 హిరోషిమా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది ఆ పోటీలోనే. 2006 దోహాలో ప్రపంచ రికార్డును సమం చేసిందీ అందులోనే. అయితే ఆ పందెపు పిస్తోలు వేరు, బీరువాలోని పొట్టి గొట్టపు రివాల్వరు వేరు. తూటా ఒకటే, ఒకటి దర్జాకు, ఒకటి సాధనకు.

సినిమా మాటేమిటని అడగవచ్చు. అమెరికాలో 1971 నాటి డర్టీ హ్యారీ చిత్రం .44 మాగ్నం రివాల్వరుకు గిరాకీ పెంచింది. జేమ్స్ బాండు వాల్థర్ పిస్తోలుకు వన్నె తెచ్చాడు. కాని 1963 చిత్రానికి తీసిన ప్రచార చిత్రాలలో షాన్ కానరీ చేతిలో ఉన్నది అసలు పిస్తోలు కాదు. వేళకు అది దొరక్క పట్టుకున్న గాలి పిస్తోలు! లోకాన్ని భయపెట్టిన ఆ బొమ్మలో ఉన్నది మా బూరల తుపాకికి దగ్గర చుట్టమే. మన కృష్ణగారు 1966లో గూఢచారి 116 గానూ, 1971లో మోసగాళ్ళకు మోసగాడుగానూ తుపాకి తిప్పారు. దానివల్ల మన ఊళ్ళో ఏ తుపాకి అమ్మకం పెరిగిందంటే, దీపావళి రీళ్ళ తుపాకి ఒక్కటే. కొనుక్కునే వీలు లేనిచోట సినిమా కోరికను పుట్టించగలదు గాని ఆదరణను పుట్టించలేదు.

కొనుక్కునే వీలున్న దేశంలో ఏం జరుగుతుందో చూడటానికి అమెరికాకు పోవాలి. అక్కడ 1911 నాటి కోల్ట్ .45 పిస్తోలు సైన్యంనుండి నేరుగా పందేల మైదానానికి వచ్చింది. సైనికుడికి అలవాటైనదే పౌరుడికీ అలవాటైంది. అయినా సరదాగా కాల్చేవారికి తరతరాలుగా చేతి తుపాకి అంటే ముందు .22. ఆ తూటా 1887 నాటిది. చిన్నది, చవక, తన్నదు, చెవులు గింగురుమనిపించదు. 1949లో రూగర్ అనే కొత్త కంపెనీ దానికి తగిన పిస్తోలును ముప్ఫై ఏడున్నర డాలర్లకే తెచ్చింది. నొక్కిన ఉక్కు రేకులను అతికి పిడి చేయడంవల్ల ఆ ధర సాధ్యమైంది. అంతకంటె నాజూకైన పిస్తోళ్ళు అప్పటికే ఉన్నాయి. కాని జీతగాడు కొనగలిగినది ఇది. ఆ కంపెనీ నిలిచిందీ దానితోనే. ఒక సాయంత్రం వంద తూటాలు కాల్చి, మర్నాడు మళ్ళీ రాగలిగితేనే అది వినోదమవుతుంది. తుపాకి ధర ఒక్కసారి చెల్లించేది. తూటా ధర ప్రతిరోజూ చెల్లించేది.

మూడవ తీర్పరి పోటీ నిబంధన. ఒలింపిక్ ర్యాపిడ్ ఫైర్ పోటీలో 2004 ఏథెన్స్ దాకా మేటివారందరూ .22 షార్ట్ అనే పొట్టి తూటాకు ప్రత్యేకంగా చేసిన పిస్తోళ్ళు వాడారు. ఆ తరువాత నిబంధన మారి .22 లాంగ్ రైఫిల్ తూటాయే వాడాలన్నారు. ఒక్క కలం పోటుతో ఆ అపురూపమైన పిస్తోళ్ళన్నీ పెట్టెలలోకి వెళ్ళిపోయాయి. మన విజయకుమార్ 2012 లండన్‌లో రజతం గెలిచింది ఈ కొత్త నిబంధనల కింద. అలాగే 50 మీటర్ల పిస్తోలు పోటీని 2016 రియో తరువాత ఒలింపిక్స్‌నుండి తీసివేశారు. ఆ తుపాకులలో లోపం పుట్టలేదు. వాటి అవసరమే తగ్గింది.

ఇప్పుడు ఈ మూడు తీర్పులనూ మన నేల మీదికి తెస్తాను. చట్టం సంగతి: 4.5 మి.మీ. కొలతలో, 20 జౌళ్ళకు మించని శక్తి గల గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. ఖర్చు సంగతి: అరగ్రాము సీసపు గుళిక, సిలిండరులో బిగించిన గాలి. నిబంధన సంగతి: 10 మీటర్ల గాలి పిస్తోలు 1988 సియోల్‌నుండి ఒలింపిక్ క్రీడ. మూడూ ఒకేచోట కలిశాయి కనుకనే మన దేశంలో పిల్లలు కాల్చే చేతి తుపాకి రివాల్వరు కాదు, గాలి పిస్తోలు.

హైదరాబాదులో మొదటిసారి దాన్ని చేతబట్టినప్పుడు నాకు తెలిసింది: పిడి అరచేతికి అచ్చుపోసినట్టు ఉంటుంది, ట్రిగ్గరుకు అర కిలో బరువు చాలు, పది మార్కుల వలయం 11.5 మి.మీ. మాత్రమే. రెండవ చేయి వాడకూడదు. నా మొదటి గుళిక ఆ వలయం దరిదాపులకైనా పోలేదు. పసుపుపచ్చ బూర మళ్ళీ కళ్ళముందు కదిలింది.

ఆ హైదరాబాదు అమ్మాయే ఈషా సింగ్. 2018లో పదమూడేళ్ళ వయసున గాలి పిస్తోలులో జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో నాలుగు పతకాలు తెచ్చింది. అందులో గాలి పిస్తోలు రజతాలు రెండు,.22 పిస్తోలులో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది. గాలి పిస్తోలుతో మొదలుపెట్టి .22కు చేరడమన్నది మన దేశంలో చట్టం తెరిచి ఉంచిన దారి. ఆ దారిన నడిచినవారి సంఖ్య పెరిగినకొద్దీ గురువులూ, రేంజిలూ, మరమ్మతు తెలిసినవారూ పెరుగుతారు; వారిని చూసి మరికొందరు అదే తుపాకి కొంటారు. ఆదరణ అంటే చివరికి ఇదే.

నన్ను బాధించే సంగతి ఒక్కటే. గాలి పిస్తోలుకు కావలసినది పది మీటర్లు, అనగా ముప్ఫై మూడు అడుగుల చోటు, వెనుక ఒక గట్టి గోడ, నేర్పే మనిషి. మా కోనసీమలో అంతకంటె పొడవైన కొబ్బరి కొట్లు ఎన్నో ఉన్నాయి. లేనిది నేర్పే మనిషి. అందుకని మా పిల్లలకు ఎరుకైన తుపాకులు ఇప్పటికీ రెండే: బీరువాలో పూజలందుకునేది ఒకటి, తీర్థంలో గొట్టం వంకరపోయినది ఒకటి. మొదటిది ఎవరూ కాల్చరు. రెండవదానితో ఏటా ఒక్కరోజు, ఐదారు గుళికలు.

ఈసారి అంతర్వేది వెళితే బూరల కొట్టు ముందు కాసేపు నిలబడి చూడండి. వరుసగా నాలుగు బూరలు పేల్చి, ఐదవది తప్పినందుకు కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్ల ఒకతె తప్పక కనబడుతుంది. ఆమెకు ఇంకొక గుళిక కొనిపెట్టండి.