పెద్దవయసులో భుజం దగ్గర ఎముక విరిగితే ఆపరేషన్ ఎప్పుడు?

డెబ్బై దాటిన మనిషి బాత్‌రూంలో కాలు జారి పడితే ఎక్కువగా విరిగేవి తుంటి, మణికట్టు, భుజం కీలుకు ఆనుకొని ఉండే దండచేయి ఎముక పైభాగం. తుంటి విరిగితే ఆపరేషన్ దాదాపు తప్పదు. భుజం దగ్గర విరిగితే మాత్రం చాలామందికి మెడకు వేలాడే స్లింగ్ చాలు. ఈ తేడా తెలియక, ఎక్స్‌రేలో ముక్కలు చూసి కంగారుపడే కుటుంబాలే ఎక్కువ.

జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలకు ఇది దగ్గరి విషయం. టాటా ఉక్కు కర్మాగారంలో పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడి, రిటైరైన పెద్దలు కదమా, బిష్టుపూర్ ప్రాంతాల్లో ఉన్నారు. 1908లో మొదలైన టాటా మెయిన్ హాస్పిటల్, ప్రభుత్వ ఎంజీఎం వైద్య కళాశాల ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి. పక్కనున్న రాంచీలో 2018 సెప్టెంబర్ 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024 అక్టోబర్‌లో ఆదాయంతో సంబంధం లేకుండా 70 ఏళ్లు నిండిన వారందరికీ విస్తరించారు. ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స ఉచితం. కానీ ఆ కార్డు పనిచేసేది ఆసుపత్రిలో చేరితేనే. స్లింగ్ వేయించుకుని ఇంటికెళ్లే పెద్దాయనకు ప్రైవేటులో ఎక్స్‌రేలు, నెలల తరబడి ఫిజియోథెరపీ సొంత ఖర్చే. ఖర్చు లెక్క ఆపరేషన్ వైపు మొగ్గుతుందన్న మాట. వైద్యపరమైన ఆధారాలు మాత్రం అటు మొగ్గడం లేదు.

ఎముక ఎన్ని ముక్కలైందో, అవి ఎంత జరిగాయో చూసి రకాలుగా విడదీసే పద్ధతిని అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ 1970లో ప్రతిపాదించారు. ముక్క సెంటీమీటరుకు మించి జరిగినా, 45 డిగ్రీలకు మించి వంగినా స్థానం తప్పినట్టు లెక్క. అలాంటివాటికి ప్లేటు, స్క్రూలు వేయడం చాలాకాలం సహజంగానే తోచింది. బ్రిటన్‌లోని 32 ఆసుపత్రుల్లో 250 మందిపై జరిపిన ‘ప్రోఫర్’ అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, రెండేళ్ల తర్వాత ఆపరేషన్ అయినవారి భుజం పనితీరుకూ, స్లింగ్‌తో నయమైనవారి పనితీరుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదేళ్ల తర్వాతా అంతే. 

దీనికి కారణం ఎముక గుల్లబారడం. ప్లేటు ఎంత గట్టిదైనా స్క్రూ పట్టుకోవాల్సింది ఆ ఎముకనే. పట్టు సడలితే స్క్రూ మొన కీలులోకి పొడుచుకొస్తుంది. రక్తప్రసరణ తెగితే ఎముక తల కుంగిపోతుంది. అప్పుడు మరో ఆపరేషన్.

అయితే ప్రోఫర్‌లో చేర్చని కేసులున్నాయి. ఎముక విరగడంతోపాటు కీలు కూడా తప్పినా, ఎముక చర్మం చీల్చుకొచ్చినా, రక్తనాళం దెబ్బతిన్నా ఆలస్యం చేయకూడదు. ఎముక తలే నిలువునా చీలితే కూడా సాధారణంగా శస్త్రచికిత్సే మార్గం. ముక్కలు బాగా చెదిరిన పెద్దవారికి ఇప్పుడు ‘రివర్స్’ భుజం కీలు మార్పిడి చేస్తున్నారు. ఫ్రాన్స్ సర్జన్ పాల్ గ్రామోంట్ 1980లలో రూపొందించిన ఈ కీలులో గోళం, గిన్నె స్థానాలు తారుమారవుతాయి. లోపలి కండరాలు పనిచేయకున్నా భుజం పైకండరమే చేతిని లేపుతుంది. నార్వేలో 65-85 ఏళ్ల వారు 124 మందిపై జరిగిన అధ్యయనంలో, రెండేళ్లకు 100కి రివర్స్ కీలు పెట్టినవారికి సగటున 68, ప్లేటు వేసినవారికి 54.6 మార్కులొచ్చాయి. ఇది ప్లేటుతో పోలికే, స్లింగ్‌తో కాదు. 

కాబట్టి సర్జన్‌ను అడగాల్సినవి: కీలు తప్పిందా, సీటీ స్కాన్ అవసరమా, ఆపరేషన్ చేయకపోతే చెయ్యి ఎంతవరకు లేస్తుంది? తల దువ్వుకోవడం, చీర కట్టుకోవడం చాలనుకునే మనిషి అవసరం వేరు, ఒంటరిగా ఉంటూ బరువులెత్తుకునే మనిషి అవసరం వేరు. గుండెజబ్బు, మధుమేహం కూడా లెక్కలోకొస్తాయి. 

స్లింగ్ అంటే పుత్తూరు కట్టులా బిగించి వదిలేయడం కాదు. మొదటి రోజుల్లో కమిలిన నలుపు మోచేతి దాకా దిగుతుంది, అది చూసి భయపడక్కర్లేదు. వేళ్లు, మోచేయి మొదటిరోజు నుంచే కదపాలి. వారం పదిరోజులకు మళ్లీ ఎక్స్‌రే తీసి ముక్కలు జరగలేదని చూశాక, డాక్టర్ సరేనంటే ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపే వ్యాయామం మొదలవుతుంది. ఇక్కడ బద్ధకిస్తే ఎముక అతికినా భుజం బిగుసుకుపోతుంది. ఈలోగా ఎముక సాంద్రత పరీక్ష, విటమిన్-డి పరీక్ష గురించి అడగడం మంచిది. ఒకసారి ఇలా విరిగినవారికి తర్వాతి పతనంలో తుంటి విరిగే ముప్పు మామూలు కంటే ఎక్కువ.